అనంతపురంలో కూర్చుని డ్యాన్స్ పాట విడుదల చేయడం, చార్ట్ దాకా తీసుకెళ్లడం ఎలా?

మిక్సింగ్ పూర్తయిన రాత్రే పాటను యూట్యూబ్‌లో పెట్టేయాలనిపిస్తుంది. దయచేసి ఆగండి. చార్ట్ అంటే జనం ఎక్కువగా వింటున్న పాటల వరుస. మనకు కావాల్సిన చార్ట్‌లు లెక్కపెట్టేది ఒక వారంలో ఎంతమంది, ఎన్నిసార్లు విన్నారన్నదే. మీ జనమంతా ఆ ఒక్క వారంలో కలిసి వినాలంటే పని ఐదారు వారాల ముందే మొదలవ్వాలి. అనంతపురం, తాడిపత్రి, గుంతకల్లు, ధర్మవరం, మీరు ఎక్కడున్నా సరే, వెనక పెద్ద మ్యూజిక్ కంపెనీ (లేబుల్) లేకుండా సొంతంగా ఒక డ్యాన్స్ పాప్ సింగిల్, అంటే విడిగా ఒక్క పాట, తెచ్చుకుంటున్నారనుకుని ఇది రాస్తున్నాను. స్టూడియో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండవచ్చు. విడుదల పని మాత్రం అంతా మీ ఇంట్లో నుంచే చేసుకోవచ్చు.

మొదటి అడుగు: పాటలోనే చూసుకోవాల్సినవి

డ్యాన్స్ పాప్‌కి వెన్నెముక కిక్, అంటే దబ్‌మని పడే పెద్ద డ్రమ్ దెబ్బ. ప్రతి బీట్ మీదా పడాలి, వేగం నిమిషానికి 115 నుంచి 130 బీట్ల మధ్య ఉండాలి. నా మాట వింటే 128 పెట్టుకోండి. దానికి ఒక చిన్న లెక్క ఉంది. డ్యాన్స్ మాస్టర్లు స్టెప్పుల్ని ఎనిమిది కౌంట్ల చొప్పున కడతారు. 128 వేగంలో నాలుగు ఎనిమిదులు, అంటే 32 బీట్లు, సరిగ్గా 15 సెకన్లు వస్తాయి. రీల్‌కి అది చక్కని నిడివి. మీ హుక్, అంటే వినగానే పట్టేసే ముక్క, ఆ 32 బీట్లలో మొదలై ఆ 32 బీట్లలోనే ముగిస్తే, ఎవరూ దాన్ని నరకాల్సిన పని ఉండదు.

హుక్ మొదటి 30 సెకన్లలోపే ఒకసారి వినిపించాలి. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే అది ఒక స్ట్రీమ్‌గా లెక్కకొస్తుంది. నిమిషం పాటు వీణో ఫ్లూటో వాయించి నెమ్మదిగా పాటలోకి వెళ్దామంటే, కొత్త శ్రోత అప్పటికే తర్వాతి పాటకు వెళ్లిపోయి ఉంటాడు.

ఇక శబ్దం. హైదరాబాద్‌లోనైనా ముంబైలోనైనా అందరి దగ్గరా అవే శాంపిల్ ప్యాక్‌లు (ముందే రికార్డ్ చేసి ఉంచిన శబ్దాలు), అవే క్లాప్‌లు. మన జిల్లాలో ఉరుములనే వాద్యాలు ఉన్నాయి, చెక్కభజన ఉంది, తప్పెట ఉంది. చెక్కభజనలో చెక్కలు ఒకదానికొకటి తగిలినప్పుడు వచ్చే చప్పుడు రెండో, నాలుగో బీట్ మీద క్లాప్ పడే చోట అద్భుతంగా కూర్చుంటుంది. పొడిగా, గట్టిగా, వెనకాల చిన్న లోహపు గలగలతో ఉంటుంది. కంప్యూటర్‌లో అలాంటిది దొరకదు.

దాన్ని రికార్డ్ చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, పదిమంది బృందాన్ని చిన్న స్టూడియో గదిలో కుక్కకండి. రామాలయం ముందు మంటపమో, కల్యాణ మండపం హాలో ఖాళీగా ఉన్న పూట చూసి అక్కడే రికార్డ్ చేయండి. రెండు, భజన సాగేకొద్దీ వేగం పెరుగుతుంది, ఆ కళ అందమే అది. కానీ మీ పాట 128 దగ్గర కట్టేసి ఉంది. అందుకని క్లిక్ ట్రాక్‌ను, అంటే వేగం తప్పకుండా టిక్ టిక్‌మనే శబ్దాన్ని, భజన గురువు చెవిలో ఒక్క ఇయర్‌ఫోన్‌లో మాత్రమే పెట్టండి. మిగతావాళ్లు ఎప్పటిలాగే ఆయన్ని చూసి వేస్తారు. అందరికీ హెడ్‌ఫోన్లు పెడితే ఆట బిగుసుకుపోతుంది. ముందు అసలు వేగంతో వాళ్లను స్వేచ్ఛగా ఒకసారి వేయనిచ్చి, ఆ తర్వాత క్లిక్‌తో తీసుకోండి.

వాళ్లకు డబ్బు అక్కడికక్కడే ఇవ్వండి. పాట వివరాల్లో వాళ్ల పేర్లు రాయండి. "జానపద కళాకారులు" అని గుంపుగా రాయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. గిటార్ వాయించినవాడికి పేరు ఉన్నప్పుడు ఉరుము వాయించినాయనకూ పేరు ఉండాలి.

సాహిత్యం గురించి ఒక్క మాట. సీమ అంటే సుమోలు, కొడవళ్లు అని సినిమాలు జనానికి అలవాటు చేశాయి. మన యాస సరదాకి, వలపుకి, పెళ్లి సందడికి ఎంత బాగా పలుకుతుందో మీ పాటలో వినిపించండి. ఆ పని చేసే డ్యాన్స్ పాటలు ఇంకా చాలా రావాలి.

రెండో అడుగు: హక్కుల కాగితాలు

పాట రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు, బీట్ చేసినవారు, నలుగురూ ఒక కాగితం మీద ఎవరి వాటా ఎంతో రాసుకుని సంతకాలు పెట్టండి. స్నేహితులం కదా అని వదిలేయకండి. పాట నడవకపోతే గొడవ రాదు, నడిస్తేనే వస్తుంది. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ తర్వాత రచయిత, సంగీత దర్శకుడు తమ రాయల్టీ హక్కును వేరేవాళ్లకు పూర్తిగా రాసిచ్చేయడానికి చట్టం ఒప్పుకోదు, కాబట్టి "అంతా నాదే" అని ఎవరైనా కాగితం తెస్తే సంతకం పెట్టకండి.

పాత సినిమా పాట పల్లవి తీసుకుని కింద కిక్ కొట్టేద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. రికార్డింగ్ హక్కు ఒకరిది, సాహిత్యం, బాణీల హక్కు మరొకరిది కావచ్చు, ఇద్దరి అనుమతీ కావాలి. సొంతంగా మళ్లీ పాడి కవర్ చేసినా 1957 కాపీరైట్ చట్టంలోని 31సి సెక్షన్ వర్తిస్తుంది. మొదటి రికార్డింగ్ వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు గడవాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ కట్టాలి. తరతరాలుగా నోటి మీద వచ్చిన జానపద బాణీకి ఈ ఇబ్బంది లేదు. కానీ ఆ పాటను ఎవరో చేసిన రికార్డింగ్ నుంచి ముక్క కోసుకుంటే మాత్రం ఆ రికార్డింగ్ యజమాని ఉంటాడు. భజన గురువు పాడిన చరణాలు ఈ మధ్య కాలపు కవి రాసినవైతే ఆ కవి అనుమతీ కావాలి. అది గురువునే అడిగితే చెబుతారు.

ఇంటర్నెట్‌లో కొన్న బీట్ మీద పాడితే లైసెన్స్ చదవండి. అదే బీట్‌ను ఇంకా పదిమందికి అమ్మి ఉంటే, మీరు యూట్యూబ్ కంటెంట్ ఐడీకి (ఎవరి వీడియోలో మీ పాట వాడినా గుర్తుపట్టే వ్యవస్థ) పాటను నమోదు చేయడానికి లేదు.

మూడో అడుగు: మాస్టర్, కవర్, వివరాలు

మాస్టర్, అంటే విడుదలకు సిద్ధమైన చివరి రికార్డింగ్, డబ్ల్యూఏవీ ఫైల్‌గా ఉండాలి, కనీసం 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. స్పాటిఫై అన్ని పాటల శబ్దాన్నీ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే ప్రమాణం) స్థాయికి తెచ్చి వినిపిస్తుంది. అందుకని "ఇంకా లౌడ్‌గా చెయ్ అన్నా" అని ఇంజినీర్‌ని వేధించడం వల్ల లాభం లేదు, కిక్‌లో ఉండే దెబ్బ చచ్చిపోతుంది. పూర్తయ్యాక మూడు చోట్ల వినండి: ఫోన్ స్పీకర్‌లో, ఆటోలో, డీజే బాక్సుల మీద. ఫోన్‌లో బేస్ ఎలాగూ వినపడదు. అయినా పాట ఊపు తెలియాలి. డీజే బాక్సుల మీద బేస్ గొంతును మింగేయకూడదు.

కవర్ చతురస్రంగా 3000 పిక్సెళ్లు ఉండాలి. ఫోన్ నంబర్లు, వెబ్‌సైట్ పేర్లు, సోషల్ మీడియా లోగోలు ఉంటే తిరస్కరిస్తారు. మన ఫ్లెక్సీ అలవాటు ప్రకారం "సౌజన్యం" కింద పది ఫొటోలు పెట్టాలనే ఒత్తిడి వస్తుంది. వాటికి వేరే పోస్టర్ చేయించి ఊర్లో కట్టించండి. కవర్ ఫోన్‌లో బొటనవేలి గోరంత కనిపిస్తుంది, అందులో పేరు, ఒక బొమ్మ చాలు.

పాటను అన్ని యాప్‌లకు చేర్చే పంపిణీ కోసం డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్, సీడీ బేబీ, రూట్‌నోట్ లాంటి డిస్ట్రిబ్యూటర్లు ఉన్నారు. కొందరు ఏడాదికింత అని ఫీజు తీసుకుంటారు, కొందరు ఆదాయంలో వాటా తీసుకుంటారు. ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. జియోసావన్, గానా లాంటి మన యాప్‌లకు పంపుతారా? ఇన్‌స్టాగ్రామ్ ఆడియో లైబ్రరీకి పంపుతారా, క్లిప్ ఎక్కడ మొదలవ్వాలో మనం చెప్పవచ్చా? వచ్చే ఏడాది ఫీజు కట్టకపోతే పాట తీసేస్తారా?

పాటకు ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాల గుర్తింపు సంఖ్య వస్తుంది, దాన్ని డిస్ట్రిబ్యూటరే ఇస్తాడు. రాసి దాచుకోండి. ప్రతి స్ట్రీమ్ ఆ సంఖ్య ఖాతాలోనే పడుతుంది. రేపు డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినప్పుడు అదే సంఖ్య ఇస్తే పాత లెక్క నిలుస్తుంది, కొత్తది తీసుకుంటే సున్నా నుంచి మొదలు. రీమిక్స్‌కి, వీడియోకి మాత్రం వేరే సంఖ్యలు ఉంటాయి.

పేరు విషయంలో మొండిగా ఉండండి. కళాకారుడి పేరు ప్రతిచోటా ఒకే స్పెల్లింగ్‌తో ఉండాలి, లేకపోతే పాట ఇంకెవరి పేజీలోనో వెళ్లి కూర్చుంటుంది. మనవాళ్లలో చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి వెతుకుతారు. మీ పాట పేరును ఐదుగురికి ఫోన్‌లో చెప్పి టైప్ చేయమనండి. ఐదుగురూ ఐదు రకాలుగా కొడితే పేరు మార్చడం మేలు. భాష దగ్గర తెలుగు అని ఎంచుకోవడం మరవకండి. సాహిత్యాన్ని మ్యూజిక్స్‌మ్యాచ్ అనే లిరిక్స్ వెబ్‌సైట్‌లో పెడితే స్పాటిఫైలో పాటతో పాటు కనిపిస్తుంది.

నాలుగో అడుగు: తేదీ

శుక్రవారం. 2015 జూలై నుంచి ప్రపంచమంతా కొత్త సంగీతానికి అదే రోజు. స్పాటిఫై, యూట్యూబ్ వారపు చార్ట్‌లు శుక్రవారం నుంచి గురువారం దాకా లెక్కపెడతాయి. శుక్రవారం విడుదలైతే ఏడు రోజులూ మీవి. సోమవారం విడుదల చేస్తే మొదటి వారానికి మిగిలేది నాలుగు రోజులే. ఇంట్లో పెద్దవాళ్లు ముహూర్తం చూడాలంటే, ఆ ముహూర్తానికి పోస్టర్ విడుదల పెట్టి కొబ్బరికాయ కొట్టండి. పాట మాత్రం శుక్రవారమే రానివ్వండి.

ఏ శుక్రవారం అన్నది ఇంకా ముఖ్యం. సంక్రాంతి ముందు వద్దు, పెద్ద హీరోల సినిమా పాటలు వరుసగా దిగుతాయి. నా లెక్కలో డ్యాన్స్ పాటకు మంచి కాలం ఆషాఢం. పెళ్లిళ్లు ఉండవు కాబట్టి డీజేలు, డ్యాన్స్ మాస్టర్లు ఖాళీగా ఉంటారు, మీ మాట వింటారు. శ్రావణంలో పెళ్లిళ్లు మొదలయ్యేసరికి పాట వాళ్ల పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది, వినాయక చవితికి ఊరంతా తిరుగుతుంది. అది దాటిపోతే కాలేజీ ఫెస్ట్‌ల ముందు, జనవరి ఆఖరులోనో ఫిబ్రవరిలోనో చూసుకోండి.

ఐదో అడుగు: విడుదలకు ముందు వారాలు

పాటను డిస్ట్రిబ్యూటర్‌కి నాలుగు వారాల ముందే ఇచ్చేయండి. అది స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో (కళాకారుల కోసం స్పాటిఫై ఇచ్చే పేజీ) కనిపించగానే ప్లేలిస్ట్ ఎడిటర్లకు పిచ్ చేయండి, అంటే పాటను పరిచయం చేసి తీసుకోమని అడగండి. విడుదల కాని పాటకే పిచ్ ఉంటుంది, ఒకసారికి ఒక్క పాటే. కనీసం ఏడు రోజుల ముందు చేస్తే, ఎడిటర్ తీసుకున్నా తీసుకోకపోయినా, మీ ఫాలోవర్లకు స్పాటిఫై కొత్త పాటలతో ఇచ్చే రిలీజ్ రాడార్ ప్లేలిస్ట్‌లో అది చేరుతుంది. అందుకే ఈ వారాల్లో అందరినీ "ఫాలో కొట్టండి" అని అడగండి. పిచ్ రాసేటప్పుడు "సూపర్ సాంగ్" లాంటి మాటలు పనికిరావు. అనంతపురం చెక్కభజన బృందంతో రికార్డ్ చేసిన 128 వేగం డ్యాన్స్ పాట, ఫలానా కాలేజీలో ప్రదర్శన ఉంది, ఇంతమంది మాస్టర్లు స్టెప్ చేస్తున్నారు, ఇలా విషయం రాయండి.

టిక్‌టాక్‌ను 2020 జూన్‌లో మన దేశంలో నిషేధించారు కాబట్టి ఇక్కడ డ్యాన్స్ పాటకు దారి ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్. ఊర్లో డ్యాన్స్ స్కూళ్లకు స్వయంగా వెళ్లండి. పాట మొత్తం ఇవ్వకండి, ఆ 15 సెకన్ల ముక్క ఇచ్చి స్టెప్ కట్టమనండి. స్టెప్ ఎలా ఉండాలంటే, మాస్టర్ చేస్తే అందంగా, పెళ్లిలో మేనత్త చేసినా తప్పు పట్టనట్టు. గాల్లో ఎగిరే స్టెప్పులకు చూసే లైకులు వస్తాయి, చేసేవాళ్లు రారు. మాస్టర్‌కి డబ్బు, పేరు రెండూ ఇవ్వండి. ఒక చిన్న ఇబ్బంది గుర్తుపెట్టుకోండి: ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ ఖాతాలకు అన్ని పాటలూ దొరకవు. డ్యాన్స్ స్కూల్ పేజీకి మీ పాట కనపడకపోతే, మాస్టర్ తన సొంత ఖాతా నుంచి పెట్టవచ్చు.

డీజేలకు వేరే ఎడిట్ చేయించండి. మొదట 32 బీట్లు, చివర 32 బీట్లు ఒట్టి తాళం ఉండాలి, అప్పుడే ముందు పాటలోంచి మీ పాటలోకి సాఫీగా రాగలరు. దీన్ని యాప్‌లలో పెట్టకండి, పెన్‌డ్రైవ్‌లో డబ్ల్యూఏవీగా చేతికివ్వండి. వాట్సాప్‌లో పంపిన పాట పెద్ద బాక్సుల మీద గరగరమంటుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లకు అనుమతి లేదు కనుక, ఊరేగింపులో సాయంత్రం వేళే మీ పాట పడేలా మాట్లాడుకోండి.

బెంగళూరును మరవకండి. మన పిల్లలు ఎంతోమంది అక్కడే ఉద్యోగాల్లో ఉన్నారు. డబ్బు కట్టి యాప్‌లు వాడేది, ఆఫీస్ క్యాబ్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకునేది వాళ్లే. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్ వెళ్తే ముందు వాళ్లకే చేరుతుంది.

ఆరో అడుగు: ఆ ఏడు రోజులు

శుక్రవారం ఉదయం అన్ని యాప్‌లలో పాట వచ్చిందా, పేరు సరిగా ఉందా, మీ పేజీలోనే ఉందా చూడండి. తర్వాత లింక్ పంపండి. ఒకే మెసేజ్‌లో పది లింకులు వద్దు. ఎవరు ఏ యాప్ వాడతారో ఆ లింకే పంపండి. "విను" అనడం కన్నా "నీ ప్లేలిస్ట్‌లో వేసుకో" అని అడగడం మేలు. వేసుకున్న పాట వచ్చే నెలలో కూడా వినపడుతుంది.

శని, ఆదివారాలు రీల్స్‌కి. మాస్టర్లందరూ ఒకే సాయంత్రం పెట్టేలా చూడండి. సోమ, మంగళవారాల్లో లెక్క పడిపోతుంది, టెన్షన్ పడకండి, అందరికీ పడిపోతుంది. బుధవారం కాలేజీలోనో క్లాక్ టవర్ దగ్గరో చేసిన డ్యాన్స్ వీడియో వదలండి.

పెళ్లి వీడియోలు తీసేవాళ్లు మీ పాట వాడితే కంటెంట్ ఐడీలో వీడియోను బ్లాక్ చేసే ఎంపిక పెట్టకండి. ప్రకటనల ఆదాయం మీకు వచ్చే ఎంపిక పెట్టి, వాళ్లకు ముందే విషయం చెప్పండి. పెళ్లి వీడియోల ద్వారా వచ్చే శ్రోతలు నిజమైన శ్రోతలు.

ఈ వారంలోనే మీకు మెసేజ్‌లు వస్తాయి: ఇంత కడితే లక్ష స్ట్రీమ్‌లు, ఇంత కడితే నంబర్ వన్. దయచేసి కట్టకండి. అవి మెషిన్లతో తిప్పే స్ట్రీమ్‌లు. స్పాటిఫై వాటిని గుర్తిస్తే లెక్కలోంచి తీసేస్తుంది, 2024 నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి జరిమానా కూడా వేస్తోంది, ఆ భారం మీ మీదే పడుతుంది, పాటనే తీసేయవచ్చు. యూట్యూబ్ ప్రకటనలు చట్టబద్ధమే, వ్యూస్ అంకె పెరుగుతుంది. కానీ 2019 సెప్టెంబర్ నుంచి డబ్బు కట్టి తెచ్చుకున్న ప్రకటన వ్యూస్‌ను యూట్యూబ్ తన మ్యూజిక్ చార్ట్‌లలో లెక్కపెట్టడం లేదు. చార్ట్ కోసమని ప్రకటనలకు అప్పు చేయకండి.

ఏడో అడుగు: చార్ట్ చదవడం

చార్ట్ అన్న ప్రతిదీ ఒకటి కాదు. అమెరికాలో 1958 నుంచి బిల్‌బోర్డ్ పత్రిక ఇస్తున్న హాట్ 100 చార్ట్ స్ట్రీమింగ్‌తో పాటు రేడియోను, అమ్మకాలను కూడా కలుపుతుంది. మన దేశంలో ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ సంస్థ 2021లో మొదలుపెట్టిన టాప్ 20 అంతర్జాతీయ పాటలకే, తెలుగు పాట దాని పరిధిలోకి రాదు. ఐట్యూన్స్ చార్ట్ కొనుగోళ్లను లెక్కపెడుతుంది. మన దగ్గర పాటను కొనేవాళ్లు చాలా తక్కువ, కాబట్టి కొద్దిమంది ఒకే పూట కొంటే పైకి వెళ్లిపోవచ్చు. అలాంటి స్క్రీన్‌షాట్ చూసి మురిసిపోకండి, ఎవరైనా చూపిస్తే బెదిరిపోకండి.

స్పాటిఫై ఇండియా టాప్ 200 నిజమైన కొండ. సినిమా పాటలు దాన్ని ఆక్రమించి ఉంటాయి, హిందీతో కలిపి పోటీ. మొదటి సింగిల్‌కే అక్కడ చోటు రాకపోతే కుంగిపోవద్దు. ముందు దాటాల్సిన గీత వేరే ఉంది: గడిచిన 12 నెలల్లో వెయ్యి స్ట్రీమ్‌లు లేని పాటకు స్పాటిఫై 2024 నుంచి రాయల్టీ ఇవ్వడం లేదు. ఆ గీత దాటాక, పెద్ద నగరాలకు విడిగా వచ్చే జాబితాలు చూడండి. మీ శ్రోతలు ఎక్కువ ఉన్న నగరం జాబితా ఉంటే దాని మీదే కన్ను పెట్టండి. మీ లెక్కలు చూపించే డ్యాష్‌బోర్డ్‌లో అనంతపురం బదులు పెద్ద నగరాల పేర్లు కనిపించినా కంగారు వద్దు, మొబైల్ నెట్‌వర్క్‌ను బట్టి అలా చూపించవచ్చు.

ఎక్కిన స్థానం కన్నా నిలిచిన వారాలు చూడమంటాను. బ్రిటిష్ గాయని దువా లిపా పాడిన "లెవిటేటింగ్" హాట్ 100లో ఎప్పుడూ మొదటి స్థానానికి చేరలేదు, రెండో స్థానం దగ్గరే ఆగింది. అయినా 2021 సంవత్సరం మొత్తానికి బిల్‌బోర్డ్ వేసిన లెక్కలో అదే మొదటి పాట. నెలల తరబడి కదలకుండా కూర్చోవడం వల్ల అది సాధ్యమైంది. డ్యాన్స్ పాటకు ఆ గుణం సహజంగానే ఉంటుంది, పెళ్లిళ్లు ఏటా మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి కదా.

ఎనిమిదో అడుగు: రెండో వారం నుంచి

రెండో శుక్రవారం కూర్చుని మూడు అంకెలు చూడండి. విన్నవాళ్లలో ఎంతమంది సేవ్ చేసుకున్నారు, ఒక్కో శ్రోత ఎన్నిసార్లు విన్నాడు, స్ట్రీమ్‌లు ఎక్కడి నుంచి వస్తున్నాయి. సేవ్‌లు బాగుండి శ్రోతలు తక్కువైతే పాట మంచిదే, చేరలేదంతే. ఇంకో నాలుగు ఊళ్ల డ్యాన్స్ స్కూళ్లకు వెళ్లండి, కర్నూలు, కడప, బళ్లారి వైపు కూడా. శ్రోతలు చాలామంది వచ్చి సేవ్ చేసుకోకుండా వెళ్లిపోతుంటే ఈ పాట మీద ఇంకా డబ్బు పెట్టకండి, తర్వాతి పాటకు దాచుకోండి. రీల్స్‌లో బాగా వాడుతూ స్ట్రీమ్‌లు రాకపోతే జనానికి పాట పేరు తెలియలేదన్నమాట. ప్రతి వీడియో మీదా పేరు పెద్దగా కనిపించాలి.

రీమిక్స్‌ను ఐదో ఆరో వారంలో తెండి, అంతకుముందు తెస్తే అసలు పాట లెక్కనే చీలుస్తుంది. ఆకాశవాణి అనంతపురం కేంద్రానికి వెళ్లి యువతకు ఉద్దేశించిన కార్యక్రమాల గురించి అడగండి. పల్లెల్లో రేడియో వినేవాళ్లు ఇంకా ఉన్నారు.

రచయిత, సంగీత దర్శకుడు పాటల రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసిపెట్టే, 1969 నుంచి ఉన్న ఐపీఆర్‌ఎస్ సంస్థలో సభ్యులుగా చేరి ఈ పాటను నమోదు చేయించుకోవాలి. డిస్ట్రిబ్యూటర్ పంపేది రికార్డింగ్ డబ్బు మాత్రమే, సాహిత్యానికీ బాణీకీ వచ్చే రాయల్టీ ఈ దారిలో వస్తుంది. పాన్ కార్డులో, బ్యాంకు ఖాతాలో, డిస్ట్రిబ్యూటర్ దగ్గర పేరు ఒకేలా ఉండాలి. మొదటి చెల్లింపు రాగానే రెండో అడుగులో రాసుకున్న కాగితం తీసి, ఎంత చిన్న మొత్తమైనా సరే, వాటాలు పంచేయండి.

విడి ట్రాకులన్నీ, ముఖ్యంగా చెక్కభజన, ఉరుముల రికార్డింగులు, రెండు హార్డ్‌డిస్కుల్లో దాచండి. ఒక కాపీ ఆ బృందానికి కూడా ఇవ్వండి. తర్వాతి పాటకు వాళ్లనే పిలిచేటప్పుడు ఏ తాళం ఎక్కడ బాగా కుదిరిందో ఇద్దరూ కూర్చుని విని మాట్లాడుకోవచ్చు.